పది రెట్లు అంటే ఎంత

మా అక్కకు తొలి కాన్పు అయిన మూడో రోజున చూడవచ్చిన వాళ్లందరూ ఒకే మాట అన్నారు, ఎంత హుషారుగా ఉందో అని. రాత్రంతా నొప్పులు పడి, ఆ తర్వాత రెండు రాత్రులు కంటి మీద కునుకు లేకుండా గడిపిన మనిషి, మంచం మీద కూర్చుని గలగలా మాట్లాడుతూ, ఎన్నడో తెగిపోయిన స్నేహితులకు ఫోనులో పొడవాటి సందేశాలు పంపుతూ, పాప పెంపకం గురించి ఒక నోటుపుస్తకం నిండా పథకాలు రాసుకుంటూ ఉంటే మేమంతా సంతోషించాం. నాలుగో రోజుకు ఆ మాటలకు ఒకదానితో ఒకదానికి పొంతన లేకుండా పోయింది. ఐదో రోజు తెల్లవారుజామున ఆమె నన్ను దగ్గరికి పిలిచి, ఈ పాప తన పాప కాదనీ, ఎవరో మార్చేశారనీ, ఆ సంగతి గోడ గడియారం తనకు రాత్రంతా చెబుతూనే ఉందనీ గొంతు తగ్గించి చెప్పింది. ఆ మాటల కన్నా, వాటిని ఆమె చెప్పిన తీరులోని నిబ్బరమే నన్ను ఎక్కువ భయపెట్టింది.

ఆ వ్యాధిని ప్రసవానంతర సైకోసిస్ అంటారని ఆ సాయంత్రం మానసిక వైద్యురాలు చెప్పేదాకా మా ఇంట్లో ఎవరమూ ఆ పేరు విని ఉండలేదు. వెయ్యి కాన్పులు జరిగితే ఒకరికో ఇద్దరికో వచ్చే వ్యాధి ఇది. చాలామందిలో ప్రసవమైన మొదటి రెండు వారాల్లోనే, తరచుగా మొదటి కొద్ది రోజుల్లోనే మొదలవుతుంది, గంటల వ్యవధిలో ముదురుతుంది. కాన్పు తర్వాత మూడు నాలుగు రోజులకు ఎందరో తల్లులకు కారణం లేకుండా ఏడుపు రావడం, మనసు చిరాకుగా ఉండడం వేరు, అది వారం పది రోజుల్లో తనంతట తానే తగ్గిపోతుంది. వారాల తరబడి సాగే ప్రసవానంతర డిప్రెషన్ వేరు. సైకోసిస్‌లో భ్రమలు, లేనివి కనబడి వినబడే భ్రాంతులు ఉంటాయి, ఉద్రేకమూ కుంగుబాటూ ఒకే పూటలో మారిమారి వస్తాయి, ఎక్కడున్నానో ఏం జరుగుతోందో తెలియని అయోమయం కమ్ముతుంది. మధ్యమధ్యలో ఆ తల్లి పూర్తిగా మామూలుగా మాట్లాడుతుంది కూడా, ఇంట్లోవాళ్లు మోసపోయేది అక్కడే. ఈ వ్యాధి వచ్చిన తల్లుల్లో అత్యధికులు ఎవరికీ హాని చేయరు. కానీ తమకో బిడ్డకో హాని జరిగే అవకాశాన్ని కొట్టిపారేయడానికి వీల్లేదు కనుక దీన్ని గుండెపోటు లాంటి అత్యవసర స్థితిగానే చూడాలని వైద్యులు చెబుతారు.

అక్క కోలుకుంది. రెండు నెలలకు మందులతో భ్రమలన్నీ పోయాయి, ఆ తర్వాత మరికొన్ని నెలలు నీరసంగా, దిగులుగా గడిచాయి, ఇప్పుడు తన ఉద్యోగం తాను చేసుకుంటోంది. నేను రాయదలచుకున్నది ఆ తర్వాత జరిగిన దాని గురించి. మూడేళ్లకు నేను గర్భవతినయ్యాను. ఆసుపత్రికి మొదటిసారి వెళ్లబోయే ముందు రోజు రాత్రి ఇంట్లో పెద్దవాళ్లు నన్ను కూర్చోబెట్టి, అక్క సంగతి అక్కడ చెప్పవద్దన్నారు. చెబితే నన్ను వేరుగా చూస్తారని, రికార్డులో ఆ మాట పడితే జీవితాంతం వెంటాడుతుందని, అక్క పరువు కూడా పోతుందని వాళ్ల భయం. మరుసటి రోజు ఆసుపత్రిలో నింపిన కాగితంలో కుటుంబంలో షుగరుందా, రక్తపోటుందా, థైరాయిడుందా, కవలలున్నారా అనే ప్రశ్నలన్నీ ఉన్నాయి. ఇంట్లో ఎవరికైనా కాన్పు తర్వాత తీవ్రమైన మానసిక వ్యాధి వచ్చిందా అనే ప్రశ్న మాత్రం లేదు. మావాళ్లు చెప్పవద్దన్నారు, ఆసుపత్రి వాళ్లు అడగనే లేదు. ఇన్ని దశాబ్దాలుగా పరిశోధకులు ఈ వ్యాధి ముప్పును పెంచే అంశాల గురించి తెలుసుకున్నదంతా ఆ రెంటి మధ్యలో పడి ఎవరికీ అక్కరకు రాకుండా పోతోందన్నదే నా ఫిర్యాదు.

అక్కకు ఈ వ్యాధి ఎందుకు వచ్చిందని మా ఇంట్లో జరిగిన విచారణ నాకు బాగా గుర్తుంది. భర్తతో ఏదో మాటామాటా వచ్చిందని ఒకరు, చిన్నప్పటి నుంచీ సున్నిత మనస్కురాలని ఒకరు, గర్భంతో ఉండి కూడా ఉద్యోగం మానలేదని ఇంకొకరు, బిడ్డను కోరుకోలేదేమోనని, గొంతు బాగా తగ్గించి, మరొకరు. ఇవన్నీ ఆమె మీదనో ఆమె భర్త మీదనో నేరం మోపే కారణాలే. ప్రసవానంతర డిప్రెషన్ విషయంలో అండ లేకపోవడం, దాంపత్యంలో కలహాలు, డబ్బు ఇబ్బందులు, గర్భంలో ఉన్నప్పటి ఆందోళన నిజంగానే లెక్కకు వచ్చే అంశాలు. సైకోసిస్ విషయంలో అలాంటి బలమైన సంబంధం కనబడలేదు. జీవితంలో ఎదురైన ఒత్తిళ్లను పోల్చి చూసిన పరిశోధనలలో అది తేలలేదు. ఉద్రేకమూ కుంగుబాటూ మారిమారి వచ్చే బైపోలార్ వ్యాధి ఉన్న తల్లులలో బాల్యంలో హింసకు గురైనవారిని, గురికానివారిని పోల్చిన 2016 నాటి బ్రిటిష్ అధ్యయనంలో కూడా ప్రసవానంతర సైకోసిస్‌తో ముడి కనబడలేదు. ఈ వ్యాధి మూలాలు ప్రధానంగా శరీరంలోనే ఉన్నాయని ఈ అధ్యయనాలు సూచిస్తున్నాయి. ఆ మాట వైద్యురాలి నోట విన్న రోజున మా బావ ముఖంలో కనిపించిన ఊరటను నేను మరచిపోలేను. నెలల తరబడి ఆయన ఆ మాటామాటా రోజునే తలచుకుంటూ గడిపాడట.

అసలైన కారకాల్లో మొదటిది ప్రసవమే. వినడానికి ఇది చెప్పనక్కరలేని సంగతిలా ఉంటుంది కానీ, దాని తీవ్రత అంకెల్లో చూస్తే తప్ప అర్థం కాదు. ఎడిన్‌బరోలో పన్నెండేళ్ల కాలంలో జరిగిన యాభై నాలుగు వేల ప్రసవాలను మానసిక చికిత్సాలయాల రికార్డులతో జతపరిచి కెండెల్ బృందం 1987లో ప్రచురించిన అధ్యయనంలో, సైకోసిస్‌తో ఆసుపత్రిలో చేరవలసి వచ్చే అవకాశం ప్రసవం తర్వాతి తొలి ముప్పై రోజుల్లో, గర్భానికి ముందున్న కాలంతో పోలిస్తే, దాదాపు 22 రెట్లు పెరిగినట్లు తేలింది. తొలి కాన్పు అయిన తల్లులలో అది 35 రెట్లు. ఒక స్త్రీ జీవితంలో మనోవ్యాధి ముప్పు ఇంతగా ఎగసే కాలం మరొకటి లేదు. కొత్త బాధ్యత, నిద్రలేమి, జీవితంలో వచ్చిన మార్పు మాత్రమే కారణమైతే తండ్రులలో కూడా కొంతైనా ఆ పెరుగుదల కనిపించాలి. డెన్మార్క్ జనాభా రికార్డులతో 2006లో వెలువడిన అధ్యయనంలో తొలిసారి తల్లులైన వారిలో ఆసుపత్రి చేరికలు తొలి మూడు నెలల్లో స్పష్టంగా పెరిగాయి, అందులోనూ పదో రోజు నుంచి పంతొమ్మిదో రోజు దాకా అత్యధికంగా ఏడు రెట్లు దాటాయి. తండ్రులలో అలాంటి పెరుగుదలే లేదు.

తొలి కాన్పుకు ఎందుకీ ప్రత్యేకత అన్నది ఇంకా తేలని సంగతి. ఒకసారి ఈ అనుభవం ఎదురైన స్త్రీలు మళ్లీ బిడ్డను కనడానికి వెనకాడతారు కనుక రెండో కాన్పు లెక్కలు తగ్గుతాయన్నది పాక్షిక వివరణ మాత్రమే. గర్భంలో రక్తపోటు పెరిగి వచ్చే ప్రీఎక్లాంప్సియా కూడా ఎక్కువగా తొలి కాన్పులోనే వస్తుంది, అది వచ్చిన తల్లులలో మనోవ్యాధి తొలిసారి తలెత్తే అవకాశం కూడా కొంత ఎక్కువని డెన్మార్క్ పరిశోధకులు గమనించారు. రోగనిరోధక వ్యవస్థకు ఇందులో పాత్ర ఉందన్న అనుమానం అక్కడి నుంచే బలపడింది.

రెండవది, అన్నిటికన్నా బలమైనది, బైపోలార్ వ్యాధి. ఈ వ్యాధి, అందులోనూ పూర్తి స్థాయి మేనియా, అంటే తీవ్రమైన ఉద్రేకం, వచ్చే మొదటి రకం ఉన్న స్త్రీలలో, దాదాపు ఐదు కాన్పులకొకటి సైకోసిస్‌కో తీవ్రమైన మేనియాకో దారితీస్తుంది. వెయ్యికి ఒకటీ రెండూ అనే మామూలు లెక్కతో పోల్చి చూస్తే ఇది వంద నుంచి రెండు వందల రెట్ల తేడా. భ్రమలు, భ్రాంతులతో పాటు ఉద్రేకమో కుంగుబాటో కలిసి వచ్చే స్కిజోఅఫెక్టివ్ వ్యాధి ఉన్నవారిలో కూడా ముప్పు ఎక్కువే. ఇంత గట్టి సంబంధం ఉన్నందువల్లే చాలామంది పరిశోధకులు ప్రసవానంతర సైకోసిస్‌ను బైపోలార్ కుటుంబానికి చెందిన వ్యాధిగానే భావిస్తారు. మానసిక వ్యాధులను వర్గీకరించే అమెరికన్ గ్రంథం డీఎస్‌ఎం-5, 2013లో వచ్చినప్పుడు, దీనికి విడిగా పేరు పెట్టకుండా, గర్భంలోనో ప్రసవమైన నాలుగు వారాల్లోనో మొదలైందన్న విశేషణంతో సరిపెట్టింది. ఫ్రెంచి వైద్యుడు లూయీ విక్టర్ మార్సే గర్భిణుల, బాలింతల మనోవ్యాధుల మీద 1858లోనే ఒక పెద్ద గ్రంథం రాశాడు. ఒకటిన్నర శతాబ్దం తర్వాత కూడా దీనికి విడిగా గది కేటాయించాలా వద్దా అనే చర్చ సాగుతూనే ఉంది.

ఇక్కడే నిజానికి మనిషి చేతిలో ఉన్న కారకం ఒకటుంది, అది మందులు ఆపేయడం. గర్భం ఖాయమైందని తెలియగానే బైపోలార్ మాత్రలన్నీ ఒక్కసారిగా మానేసే స్త్రీలు ఎందరో ఉన్నారు. బిడ్డకు హాని జరుగుతుందన్న భయంతో ఇంట్లోవాళ్లు మాన్పిస్తారు, కొన్నిసార్లు విషయం పూర్తిగా తెలియని వైద్యులు కూడా మాన్పిస్తారు. ముప్పై ఏడు అధ్యయనాలను కలిపి 2016లో చేసిన విశ్లేషణలో, గర్భకాలమంతా మందులు లేకుండా ఉన్న బైపోలార్ స్త్రీలలో 66 శాతానికి ప్రసవం తర్వాత వ్యాధి తిరగబెట్టింది, మందులు కొనసాగించిన వారిలో అది 23 శాతం. ప్రతి మందూ కొనసాగించదగిందేనని దీనర్థం కాదు. వాల్‌ప్రొయేట్ అనే మందు గర్భంలో వాడితే పదిమంది బిడ్డల్లో ఒకరికి పుట్టుకతో వచ్చే లోపాలు, పదిమందిలో ముగ్గురు నలుగురికి ఎదుగుదల సమస్యలు వచ్చే అవకాశం ఉంది కనుక దాన్ని గర్భానికి ముందే మార్చాలి. లిథియం అనే మందు మీద కూడా బిడ్డ గుండెకు సంబంధించిన జాగ్రత్తలు ఉన్నాయి. అందుకే ఈ నిర్ణయాలు గర్భం రాకముందు, తీరిగ్గా, మానసిక వైద్యులూ ప్రసూతి వైద్యులూ కలిసి తీసుకోవలసినవి. పరీక్షలో రెండు గీతలు కనబడిన పొద్దున్నే మాత్రల డబ్బా చెత్తబుట్టలో వేయడం జాగ్రత్త కాదు, ఒక ముప్పును తప్పించుకునే తొందరలో అంతకన్నా పెద్దదాన్ని కొనితెచ్చుకోవడం.

ఒకసారి ప్రసవానంతర సైకోసిస్ వచ్చినవారికి తర్వాతి కాన్పులో మళ్లీ వచ్చే అవకాశం గురించి అక్కకు రెండు వేర్వేరు అంకెలు వినిపించాయి. పైన చెప్పిన విశ్లేషణ ప్రకారం అది 31 శాతం, బ్రిటన్‌లోని మానసిక వైద్యుల వృత్తి సంస్థ రాయల్ కాలేజ్ తల్లులకిచ్చే సమాచారంలో ఇద్దరిలో ఒకరికి అని ఉంటుంది. ఒక వైద్యుడు ఒక అంకె, మరొకరు మరొక అంకె చెప్పడంతో ఆమె, ఎవరికీ సరిగా తెలియని విషయం గురించి తనను బెదిరిస్తున్నారని అన్నది. నాకు మాత్రం ఆ తేడా కన్నా, ఆ అంకెలను ఎవరూ మార్చలేనివన్నట్టు చెప్పిన పద్ధతే తప్పనిపించింది. నెదర్లాండ్స్‌లో బెర్గింక్ బృందం 2012లో ప్రచురించిన చిన్న అధ్యయనంలో, ఇదివరకు ప్రసవం తర్వాత మాత్రమే సైకోసిస్ వచ్చి మిగతా కాలమంతా ఆరోగ్యంగా ఉన్న స్త్రీలలో, ప్రసవమైన వెంటనే నివారణ కోసం లిథియం మొదలుపెట్టిన ఇరవై మందిలో ఒక్కరికీ వ్యాధి తిరగబెట్టలేదు, వద్దన్న తొమ్మిది మందిలో నలుగురికి తిరగబెట్టింది. అధ్యయనం చిన్నదే. అయినా 31 శాతమో 50 శాతమో అన్న అంకె పక్కన ఈ రెండో అంకె కూడా చెప్పి ఉంటే మా అక్క ఆ గదిలోంచి అలా ఏడుస్తూ బయటికి వచ్చి ఉండేది కాదు. అదే బృందం 2015లో ప్రకటించిన మరో అధ్యయనంలో, నిద్రమాత్ర తరహా మందుతో మొదలుపెట్టి, అవసరాన్ని బట్టి భ్రమలను తగ్గించే యాంటీసైకోటిక్ మందునూ, ఆపైన లిథియాన్నీ జోడిస్తూ అంచెలవారీగా చికిత్స పొందిన అరవై నలుగురిలో ఒక్కరు తప్ప అందరూ కోలుకున్నారు. ఇంత భయంకరంగా మొదలై ఇంత బాగా నయమయ్యే మనోవ్యాధులు తక్కువ.

ఇక కుటుంబం సంగతి, నాకు సంబంధించిన సంగతి. బైపోలార్ వ్యాధి ఉన్న తల్లులలో, తల్లికో తోబుట్టువుకో ఇలా ప్రసవం తర్వాత సైకోసిస్ వచ్చి ఉన్నవారిని విడిగా చూసినప్పుడు 74 శాతానికి ఆ వ్యాధి వచ్చిందనీ, అలాంటి కుటుంబ చరిత్ర లేనివారిలో అది 30 శాతమనీ జోన్స్, క్రాడక్ 2001లో చూపించారు. వారసత్వంగా వచ్చేది మనోవ్యాధికి లోనయ్యే స్వభావం ఒక్కటే కాదనీ, ప్రసవమే దాన్ని రగిలించే గుణం కూడా కుటుంబాల్లో విడిగా పారుతుందనీ దీనివల్ల అనుకోవలసి వస్తుంది. అయితే నాకు బైపోలార్ లేదు. నాలాంటి వాళ్లకు దగ్గరగా వచ్చే అంకె స్వీడన్ జనాభా రికార్డులతో ఇటీవల జరిగిన అధ్యయనంలో ఉంది. అక్కకో చెల్లెలికో ఈ వ్యాధి వచ్చి ఉంటే, సొంత తోబుట్టువుకు వచ్చే అవకాశం పది రెట్లకు పైగా పెరుగుతుంది.

పది రెట్లు. ఈ మాట మొదట చదివిన రాత్రి నేను నిద్రపోలేదు. మర్నాడు అదే అధ్యయనంలో రెండో వాక్యం చదివాను: అలా పెరిగిన తర్వాత కూడా ఆ తోబుట్టువులలో వ్యాధి వచ్చేది 1.6 శాతానికే. అంటే నాలాంటి స్త్రీలు వెయ్యి మంది ఉంటే పదహారు మందికి వస్తుంది, 984 మందికి రాదు. రెండు వాక్యాలూ నిజమే, రెండూ ఒకే లెక్కకు రెండు ముఖాలు, కానీ ఒక్కొక్కటి విడిగా వింటే మనిషి ఒక్కో విధంగా ప్రవర్తిస్తాడు. మా పెద్దవాళ్లు మొదటి వాక్యం మాత్రమే వినగలరు కనుక దాచమన్నారు. ఒక ప్రసూతి వైద్యురాలు రెండో వాక్యం మాత్రమే విని, అంత అరుదైన దాని గురించి ఆందోళన పడకమ్మా అని కాగితం పక్కకు జరిపింది. అయితే ఆ పదహారు మందిలో ఎవరుంటారన్నది ముందే తెలియనప్పుడు, వెయ్యి మందినీ రెండు వారాల పాటు ఒక కంట కనిపెట్టుకుని ఉండడం అసాధ్యమేమీ కాదు కదా. గర్భిణికి షుగరు వస్తుందో రాదో తెలియకుండానే అందరికీ పరీక్ష చేస్తున్నాం. ఇక్కడ రక్తం తీయనక్కరలేదు, ప్రశ్న అడిగితే చాలు.

ఈ వాదనకు ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని దాటవేయడం నిజాయితీ కాదు. స్వీడన్‌లోనే ఏడున్నర లక్షల మంది తొలిచూలు తల్లులను పరిశీలించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, ప్రసవమైన తొంభై రోజుల్లో సైకోసిస్‌తో ఆసుపత్రిలో చేరింది 892 మంది, వారిలో దాదాపు సగం మంది అంతకుముందు ఎన్నడూ మానసిక చికిత్స కోసం ఆసుపత్రిలో చేరినవారు కారు. అంటే ఎంత బాగా ప్రశ్నలడిగినా ఈ వ్యాధి వచ్చేవారిలో పెద్ద భాగం ఏ జాబితాలోనూ ముందుగా దొరకరు. ముప్పై అయిదేళ్లు దాటాక తొలిసారి తల్లులైనవారిలో ముప్పు కొంత ఎక్కువగా కనిపించింది గానీ, అంతమాత్రాన వయసును బట్టి ఎవరినీ వేరు చేయలేం. నేను ఈ అభ్యంతరాన్ని ఒప్పుకుంటాను. ఒప్పుకుంటూనే, చరిత్ర లేదు అనే మాటను కాస్త విప్పి చూడమంటాను. ఆసుపత్రిలో చేరకపోవడం, జబ్బు లేకపోవడం ఒకటి కావు. అక్క తన ఇరవై రెండేళ్ల వయసులో ఒక వేసవి అంతా రోజుకు మూడు గంటలు మాత్రమే నిద్రపోతూ, ఒకేసారి నాలుగు కోర్సుల్లో చేరి, చేతిలో ఉన్న డబ్బంతా పుస్తకాలకు తగలేసి, ఎదురు మాట్లాడిన వాళ్లతో పోట్లాడి, ఆ తర్వాత శీతాకాలమంతా గదిలోంచి బయటికి రాకుండా గడిపింది. మేము మొదటిదాన్ని పట్టుదల అన్నాం, రెండోదాన్ని బద్ధకం అన్నాం. ఐదో రోజు రాత్రి ఆ మానసిక వైద్యురాలు ఓపికగా అడిగితే తప్ప అది జబ్బు చరిత్ర అని మాకు తట్టనే లేదు. చరిత్ర లేనివారిగా లెక్కకు వచ్చిన ఆ సగంలో మా అక్క లాంటి వారు ఎందరున్నారో నాకు తెలియదు, కొందరైనా ఉండి ఉంటారన్నది మాత్రం నా నమ్మకం.

హార్మోన్ల గురించి ఎక్కువ చెప్పను. మాయ బయటపడిన వెంటనే ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరోన్ మట్టాలు నిట్టనిలువునా పడిపోతాయి, వ్యాధి మొదలయ్యే రోజులు సరిగ్గా అవే. కానీ ఆ పతనం ప్రతి తల్లిలోనూ జరుగుతుంది, ఈస్ట్రోజెన్ పట్టీలు అంటించి వ్యాధిని నివారించాలని చేసిన ప్రయత్నం ఫలించలేదు. కనుక హార్మోన్లు అందరి తలుపూ తడతాయనీ, కొందరి తలుపు మాత్రమే తెరుచుకుంటుందనీ అనుకోవాలి. థైరాయిడ్ మీద శరీరమే దాడిచేసే స్వయం నిరోధక వ్యాధి ఈ తల్లులలో 19 శాతానికి, మామూలు బాలింతలలో 5 శాతానికి ఉన్నట్లు డచ్ పరిశోధకులు గమనించారు. అందుకే వ్యాధి వచ్చినప్పుడు థైరాయిడ్ పరీక్ష తప్పనిసరి. అదే బృందం తొంభై ఆరుగురు రోగులను పరీక్షిస్తే ఇద్దరిలో అసలు వ్యాధి మెదడు వాపుకు సంబంధించినదని, మెదడు కణాల మీదుండే ఎన్‌ఎండీఏ గ్రాహకాల మీద దాడిచేసే ప్రతిరక్షకాలు శరీరంలో ఏర్పడడం వల్ల వచ్చిందని తేలింది. దానికి వైద్యం పూర్తిగా వేరు. జ్వరం, ఫిట్స్, కాళ్లూ చేతుల అసహజ కదలికలు ఉంటే అంతా మనసుదే అని తేల్చేయకూడదనడానికి ఆ ఇద్దరూ ఉదాహరణ.

నిద్ర దగ్గర మాత్రం ఆగాలి. నిద్రలేమి వల్ల మేనియా వస్తుందని స్వయంగా గుర్తించిన బైపోలార్ స్త్రీలలో ప్రసవానంతర సైకోసిస్ వచ్చే అవకాశం మిగతా బైపోలార్ స్త్రీలకన్నా రెండింతలని బ్రిటన్‌లో జరిగిన అధ్యయనం చెబుతోంది. రాత్రంతా సాగిన నొప్పులు, ఆపైన రెండు గంటలకోసారి లేపే పసిబిడ్డ, ఇలాంటి తల్లికి నిప్పు మీద నూనె. అయితే నిద్రలేమి కారణమో లక్షణమో విడదీయడం కష్టం, బహుశా అది రెండూనూ. బాలింతను నిద్రపట్టిందా అని అడిగితే ఏ తల్లి అయినా లేదనే అంటుంది, అది ఏమీ చెప్పని సమాధానం. అడగవలసింది, బిడ్డ పడుకున్నప్పుడు, పక్కన చూసుకునే మనిషి ఉన్నప్పుడు కూడా నిద్ర రావడం లేదా, అసలు నిద్ర అక్కర్లేదనిపిస్తోందా అని. అలసిపోయిన తల్లికి అవకాశమిస్తే నిద్రపోతుంది. ఉద్రేకపు దశలోకి జారుతున్న తల్లికి నిద్రే అనవసరమనిపిస్తుంది, రెండు రాత్రులు మేలుకుని కూడా మునుపటికన్నా చురుగ్గా ఉంటుంది. మేము అక్క హుషారును చూసి మురిసిపోయిన మూడో రోజున ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే రెండు రోజులు ముందుగా ఆసుపత్రి చేరేవాళ్లం.

ప్రసూతి తర్వాతి తనిఖీల్లో ఎక్కువగా వాడే పది ప్రశ్నల కొలమానం కూడా ఎడిన్‌బరోలోనే, అదే 1987లో వెలువడింది. దిగులు, ఆందోళన, ఏడుపు, తనను తాను గాయపరచుకోవాలన్న తలంపు, ఇవన్నీ అందులో ఉన్నాయి. డిప్రెషన్‌ను పట్టుకోవడానికి అది మంచి సాధనమే. కానీ అది తయారైంది డిప్రెషన్ కోసం కనుక, మితిమీరిన ఉత్సాహం గురించి గానీ, నిద్ర అక్కర్లేదనిపించడం గురించి గానీ, కుటుంబ చరిత్ర గురించి గానీ అందులో ఏమీ లేదు. మూడో రోజున మా అక్క దాన్ని నింపి ఉంటే చాలా మంచి మార్కులతో పాసయ్యేది. అందులో మార్కులు ఎంత తక్కువైతే అంత క్షేమం మరి. అదే బ్రిటన్‌లో వైద్యులకు ప్రామాణిక సూచనలు రూపొందించే నైస్ సంస్థ 2014లో ఇచ్చిన మార్గదర్శకాలు, గర్భిణిని మొదటిసారి చూసినప్పుడే గతంలో తీవ్రమైన మానసిక వ్యాధి ఉందా, దానికి చికిత్స జరిగిందా, తల్లికి గానీ అక్కచెల్లెళ్లకు గానీ కూతురికి గానీ ప్రసవ సమయంలో తీవ్రమైన మానసిక వ్యాధి వచ్చిందా అని అడగమంటాయి. ప్రసవానంతర సైకోసిస్ అని అనుమానం వస్తే నాలుగు గంటల్లోగా నిపుణుల పరీక్షకు పంపమంటాయి. ఇవి ఖరీదైన యంత్రాలు కోరే సలహాలు కావు. అడిగితే గర్భిణి భయపడుతుందనేవారు, మధుమేహం గురించీ బిడ్డ జన్యులోపాల గురించీ ఆమెను అడిగేటప్పుడు ఆ దయ ఎందుకు చూపించరో నాకు అర్థం కాదు. ఈ ఒక్క ప్రశ్న దగ్గరే మనకు సున్నితత్వం గుర్తుకొస్తున్నదంటే, మనం కాపాడుతున్నది ఆమెను కాదు, మన బిడియాన్ని.

నేను రెండోసారి వెళ్లినప్పుడు ఎవరూ అడగకుండానే చెప్పాను. ముందుగా అక్క అనుమతి తీసుకున్నాను, ఎందుకంటే ఆ చరిత్ర ఆమెది. ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు, చెప్పు, వివరంగా చెప్పు, మూడో రోజు సంగతి కూడా చెప్పు అన్నది. వైద్యురాలు మారింది, కొత్తామె శ్రద్ధగా విని, ఒక మానసిక వైద్యుడి దగ్గరికి పంపింది. ఆయన నా ఇరవైల గురించి, మా అక్క వేసవి లాంటిది నాకేమైనా ఉందా అని, గంటసేపు అడిగి, నాకు నివారణ మందులు అక్కర్లేదని, గమనించుకుంటే చాలని తేల్చాడు. బైపోలార్ ఉన్నదానికి చెప్పే సలహా ఇది కాదని, నా లెక్క వేరని కూడా స్పష్టంగా అన్నాడు. కాన్పుకు నెల ముందు ఒక కాగితం రాసుకున్నాం: రాత్రుళ్లు బిడ్డను ఎవరు చూడాలి, నేను వరుసగా కనీసం ఐదు గంటలు పడుకునేట్టు ఎవరు చూస్తారు, ఏ లక్షణాలు కనబడితే ఎవరికి ఫోను చేయాలి, నాకేమీ లేదని నేను వాదించినా సరే ఫోను చేసే అధికారం ఎవరిది. ఆ చివరి గీత దగ్గర మా ఆయన తన పేరు రాయబోతే నేను ఆపి అక్క పేరు రాయించాను. మా పెద్దవాళ్లకు అది నచ్చలేదు, జబ్బుపడిన మనిషిని కాపలా పెట్టడమేమిటన్నారు. మా ఇంట్లో ఆ జబ్బు మొదటి రోజు ఎలా ఉంటుందో లోపలి నుంచి చూసిన మనిషి ఆమె ఒక్కతే.

నాకు బాబు పుట్టాడు. రెండో రాత్రి నొప్పులకు, మూడో రాత్రి వాడి ఏడుపుకు నిద్ర లేదు. నాలుగో రాత్రి అక్క వాడిని ఎత్తుకుని పక్క గదిలోకి వెళ్లిపోయి తలుపు వేసింది. తెల్లవారాక కాఫీ కప్పుతో వచ్చి మంచం అంచున కూర్చుని నా ముఖంలోకి పరీక్షగా చూసింది. నిద్రపట్టిందా అని అడగలేదు.

"రాత్రి పడుకోవాలనిపించిందా నీకు?" అన్నది.

అనిపించిందన్నాను. ఇప్పుడు కూడా అనిపిస్తోందని, ఆ కాఫీ నువ్వే తాగేయమని చెప్పి గోడ వైపు తిరిగి పడుకున్నాను. ఆమె కాసేపు అక్కడే కూర్చుని, నా ఊపిరి నెమ్మదించాక లేచి వెళ్లిందని తర్వాత మా ఆయన చెప్పాడు. మిగిలిన పది రోజులూ ప్రతి ఉదయం అదే ప్రశ్న అడిగింది.